ఎండసీమలో పరాయి పూలు

కర్నూలు, కడప గుమ్మాలకు బంతిపూల తోరణం లేనిదే దసరా రాదు. ఆ బంతి పుట్టిల్లు మెక్సికో. సముద్రం దాటి మనదాకా వచ్చింది 1500 తర్వాతే. సాయంత్రం విచ్చే చంద్రకాంతదీ అమెరికా ఖండమే. బిళ్లగన్నేరు మడగాస్కర్‌ది, కాగితంపూల తీగ బ్రెజిల్‌ది.

నలభై డిగ్రీల ఎండకు నిలిచి ఊరివైపోయాయి అవి!

గులాబీ అంత మొండిది కాదు. 1863లో తవ్వకం మొదలైన కర్నూలు–కడప కాలువ తుంగభద్ర నీళ్లు తెచ్చినా, దానికి దూరంగా ఉన్న ఇళ్లకు బావే దిక్కు. అందుకే కుండీని మధ్యాహ్నపు ఎండ తగలకుండా ఇంటికి తూర్పు గోడవారకు జరుపుతారు. బియ్యం కడిగిన నీళ్లు పోసి, మొదట్లో వేరుశనగ పొట్టు పరుస్తారు. ఆ వేరుశనగ కూడా దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే.

లేత మొక్క కొనాలనుకునేవారు తొలకరిదాకా ఆగండి. ఏప్రిల్‌లో నాటితే ఇక్కడ బతకడం కష్టం.