గుంజ (సింగరేణి బొగ్గుబెల్టులో)

గుంజ అంటే ఒక కొస నేలలో దిగి, రెండో కొసతో దేన్నో ఒకదాన్ని నిలబెట్టే కర్ర. పనిని బట్టి దానికి పేర్లు మారతాయి. పశువును కట్టేస్తే కట్టుకొయ్య, గుడిసె నడుమ నిలిస్తే నిట్రాడు, మొక్కను పట్టుకుంటే ఊతకర్ర, గుడారం తాడును లాగిపడితే మేకు, వరుసగా పాతి కంపతోనో వెదురుతోనో అల్లితే దడి. ఇంటికి పునాది వేసే తంతుకు శంకుస్థాపన అని పేరు రావడానికీ మూలం ఇదే. శంకువు అంటే మేకు. నీడను చూసి దిక్కులు తేల్చుకోవడానికి నేలలో నిలిపే కర్రకూ ఆ పేరే. ఇంత పాతదైన ఈ వస్తువు తెలంగాణలోని సింగరేణి బొగ్గుబెల్టులో, అంటే రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో, ఉక్కు, సిమెంటు చేతికందిన తర్వాత కూడా వాడుకలోంచి పోలేదు. చవక కాబట్టి నిలిచిందనేది సాధారణంగా చెప్పే కారణం. అది పూర్తి కారణం కాదు. ఈ బెల్టులో మనిషికి నేలతో ఉన్న సంబంధం చాలావరకు తాత్కాలికం. పాతినంత సులువుగా పీకగలిగే ఊత కర్రగుంజ ఒక్కటే. దాని చరిత్రను ఈ వైపు నుంచి చూస్తేనే బాగా అర్థమవుతుంది.

తెలంగాణలో గుంజకు దొరికిన పాత ఆనవాళ్లలో ముఖ్యమైనది ఉట్నూరు. ఇది ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, పాత మహబూబ్‌నగర్ జిల్లాలోది. అక్కడి బూడిద దిబ్బను 1957లో రేమండ్ ఆల్చిన్ తవ్వించారు. దుంగలు పాతి కట్టిన పశువుల దొడ్డి జాడలు, గుంజలు నిలిచిన గుంటలు, పశువుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి. కాలం క్రీస్తుపూర్వం మూడో సహస్రాబ్ది. కర్ర ఏనాడో పోయింది, అది దిగిన గుంట మాత్రం మిగిలింది. ఆ తర్వాత శాతవాహనుల పెద్దబంకూరు, ధూళికట్టల నుంచి నిజాం కాలం దాకా రైతు పెరట్లో గుంజ తీరు పెద్దగా మారలేదు.

మార్పు బొగ్గుతో వచ్చింది. 1871లో భూగర్భ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించారు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ పేరు వచ్చింది. 1945లో నిజాం ప్రభుత్వం అధిక వాటా కొనడంతో సంస్థ ప్రభుత్వపరమైంది. తవ్వకం ఇల్లెందు నుంచి బెల్లంపల్లికి, కొత్తగూడేనికి, మందమర్రికి సాగి, 1960 ప్రాంతానికి గోదావరి ఒడ్డున ఇప్పటి గోదావరిఖనికి చేరింది. భూగర్భ గని నడవాలంటే బొగ్గుతో పాటు కర్ర కూడా కావాలి. కప్పు కింద ప్రాప్ అనే ఊతదుంగ నిలపాలి, దిమ్మెలు అడ్డంగా నిలువుగా పేర్చి చాక్ కట్టాలి. ఆ పని కోసమే టింబర్‌మన్ అనే కొలువు ఉండేది. ఆదిలాబాద్, కరీంనగర్ అడవుల్లో టేకు, నల్లమద్ది, చండ్ర, వెదురు ఉండటం గనులకు కలిసొచ్చింది. ఆ అడవి మీద హక్కు కోసమే గోండు నాయకుడు కొమురం భీం పోరాడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చాడన్న సంగతిని గుంజ చరిత్ర రాసేవారు పక్కన పెట్టలేరు. అడవి కర్ర కోసం చేతులు చాచింది ఒక్క బొగ్గు గనులే కాదు. కాగజ్‌నగర్‌లో వెదురుతో నడిచే సిర్పూరు కాగితం మిల్లు కూడా ఆ కాలంలోనే పుట్టింది.

గనిలోని ప్రాప్‌కూ పెరటి గుంజకూ పోలిక ఏమిటని అడగవచ్చు. ఒకటి కొండంత బరువును మోస్తుంది, మరొకటి బీరపాదును. కానీ రెండూ నడిచే తీరు ఒకటే. బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో ముందు బొగ్గు స్తంభాలను వదిలేసి దారులు తవ్వుతారు. తర్వాత వెనక్కి వస్తూ ఆ స్తంభాలను కూడా తీస్తారు. దాన్ని డీపిల్లరింగ్ అంటారు. అప్పుడు నిలిపిన ప్రాప్‌లను పని కాగానే పీకేసి, ఖాళీ అయిన చోట, అంటే గోఫ్‌లో, కప్పును కూలనివ్వాలి. అది కూలకుండా వేలాడితే ప్రమాదం మరీ ఎక్కువ: బరువంతా ఒక్కసారిగా దిగుతుంది, గాలి తోపుకు మనుషులు ఎగిరిపడతారు. అంటే ఇక్కడ ప్రాప్ అసలు గుణం సమయానికి తప్పుకోవడం. దాన్ని చేత్తో లాగకూడదని 1957 బొగ్గు గనుల నిబంధనలు చెప్పాయి. అందుకు వాడే గొలుసు, పళ్ల చట్రం ఉన్న పరికరాన్ని గనిలో సిల్వెస్టర్ అంటారు. మనిషి దూరంగా నిలబడి, ఒక్కో పన్ను బిగిస్తూ ప్రాప్‌ను లాగుతాడు. కర్రకు ఇంకో మంచి గుణం ఉంది. బరువు పెరిగితే ముందు మూలుగుతుంది, తల దగ్గర పీచు చిట్లుతుంది, ఆ తర్వాతే విరుగుతుంది. ఆ చప్పుడుకే పారిపోయి బతికే వీలుంటుంది. గనిలో కొలతలకూ కర్రే ఆధారం. నేల మీద గుర్తు పెడితే బొగ్గు టబ్బుల కింద పోతుంది కనుక సర్వేయర్లు కప్పుకే రంధ్రం చేసి, చెక్క బిరడా దిగ్గొట్టి, దానికి మేకు కొట్టి తూకపు దారం వేలాడదీస్తారు. తలకిందులుగా పాతిన గుంజ అన్నమాట.

1970 దశకం మధ్యలో రామగుండంలో ఓపెన్‌కాస్ట్, అంటే పైనుంచి తవ్వే గని, వచ్చింది. 1983లో గోదావరిఖనిలోని జీడీకే-7 ఇంక్లైన్ గనిలో లాంగ్‌వాల్ పద్ధతి వచ్చింది, అక్కడ కప్పును మోసేది హైడ్రాలిక్ యంత్రం. తర్వాత కప్పులోకే బిగించే రూఫ్ బోల్టులు కర్ర స్థానాన్ని చాలావరకు తీసుకున్నాయి. అడవికి ఇది మేలే. కింద కర్రతో పని తగ్గినా, పైన క్వార్టర్ల వెనక మాత్రం గుంజ అలాగే ఉండిపోయింది. ఇక్కడే చవక వాదం తేలిపోతుంది. తెలంగాణ పల్లెల్లో ఖర్చుకు వెనకాడని రైతు రాతి కడీలు పాతి, తీగలు లాగి, కాకర, బీర, సొర పందిర్లు వేస్తాడు. కడీ తరాలపాటు నిలుస్తుంది. కంపెనీ క్వార్టర్‌లో ఉన్న కార్మికుడికి జీతం బాగానే ఉన్నా కడీ దండగ. రిటైరయ్యాక ఇల్లు ఖాళీ చేయాలి. రాయిని పెళ్లగించి తీసుకుపోలేడు. జామాయిల్ కర్రలైతే విప్పి ఆటోలో వేసుకోవచ్చు. ఓపెన్‌కాస్ట్ కోసం ఊళ్లు ఖాళీ అయిన చోటా ఇదే లెక్క పనిచేస్తుంది.

గుంజ పాతడంలో ఈ నేల తీరు తెలిసి ఉండాలి. రేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది, మే నెలలో గుంజ దానంతటదే వదులవుతుంది. చల్క నేలలో అంత ఊగదు. రేగడిలో ఇలా వదులవుతుంది కనుకే ఆరడుగుల కర్రలో ఒకటిన్నర నుంచి రెండడుగులు నేలలో ఉండాలంటారు. ముందు గడ్డపారతో గుంట చేసి, కర్ర దించి, చుట్టూ రాళ్లు దట్టిస్తే నిలుస్తుంది; మొద్దు కొసను సుత్తితో కొడితే తల చీలుతుంది. గుడారపు మేకును మాత్రం నిట్టనిలువుగా కాక, తాడు లాగే దిక్కుకు ఎదురుగా వాల్చి కొట్టాలి. కర్ర ముందుగా కుళ్లేది అడుగున కాదు, నేల మట్టం దగ్గర, గాలీ తడీ కలిసేచోట. పాతే కొసను పైపైన కాల్చడం, తారు పూయడం పాత పద్ధతులు. వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూసేవారూ ఉన్నారు. కూరగాయల మడిలో అది తగదు. చెదకు చండ్ర బాగా ఆగుతుంది, జామాయిల్ అంతగా ఆగదు. మునగ, గ్లిరిసిడియా పచ్చికొమ్మలైతే వేళ్లు పోసి గుంజే చెట్టవుతుంది, కంచెకు అది మేలు. టమాటకు ఊతమిస్తే కాయ మట్టికి తగలదు, కుళ్లు తగ్గుతుంది, కోతకు వంగే శ్రమ తప్పుతుంది.

కర్ర వాడకమంటే అడవికి చేటే కదా అన్న అభ్యంతరం గనుల కాలానికి పూర్తిగా వర్తిస్తుంది, ఇప్పటి పెరటికి అంతగా వర్తించదు. మార్కెట్లో దొరికే కర్రలో ఎక్కువ భాగం తోటల్లో పెంచిన జామాయిల్, సరుగుడు, వెదురు. పైగా ఈ బెల్టులో ఇప్పుడు గుంజకు ఒక పెద్ద పని చెట్లు పెంచడం: ఓపెన్‌కాస్ట్ మట్టిదిబ్బల మీద నాటే మొక్కలకూ, 2015లో హరితహారం పేరుతో మొదలైన ప్రభుత్వ కార్యక్రమంలో నాటే మొక్కలకూ గాలికి పడిపోకుండా ఊత కావాలి. మొక్కను కర్రకు అదిమి కట్టకుండా, ఎనిమిది అంకె మెలికలో వదులుగా కట్టాలి. కొంచెం ఊగితేనే కాండం గట్టిపడుతుంది. ఏడాది, మహా అయితే రెండేళ్లకు కర్రను పీకేయాలి. మరిచిపోతే తాడు బెరడులోకి దిగి, చెట్టు సరిగ్గా అక్కడే విరుగుతుంది.