అజిన్‌కోర్ట్: అందరూ సేనానులే

ఆంగ్ల, ఫ్రెంచి సేనల నూరేళ్ల యుద్ధాన్ని పలువురు కలిసి కంప్యూటరుపై ఆడే క్రీడలో నేను ఫ్రెంచి పక్షం వహించాను. ఆంగ్లేయులకు నాయకుడొక్కడే, మా నలుగురమూ సేనానులమే! ముందువరుస ఎవరిదన్న వాదన మాలో తెగలేదు.

1415 అక్టోబరు 25న అజిన్‌కోర్టులో జరిగినదీ ఇదే. మతిభ్రమణ పీడితుడైన ఆరవ చార్లెస్ రణానికి రాలేదు. దండనాయకులు డాల్‌బ్రే, బూసికో అనుభవజ్ఞులే. కాని రాజబంధువులు వారి మాట శిరసావహించలేదు. కీర్తికోసం ప్రభువులందరూ ముందుకు ఎగబడి, తమ విలుకాండ్రనే వెనక్కు నెట్టారు. ఇరువైపులా అడవి, నడుమ వానకు నానిన దుక్కి. ఆ ఇరుకులో కవచధారులు ఒకరినొకరు తొక్కుకుంటుండగా, ఐదవ హెన్రీ విలుకాండ్రు మొనదేలిన గుంజల చాటునుండి బాణవర్షం కురిపించారు. డాల్‌బ్రే నేలకొరిగాడు. బూసికో బందీయై, 1421లో ఇంగ్లండులోనే కన్నుమూశాడు.

బురదకూ బాణానికీ ఆటలో నియమాలున్నాయి. అహంకారానికి నియమమేదీ లేదు; దాన్ని ఆడేవారమే వెంట తెచ్చుకున్నాం.