ముందు బెలూనా, నేరుగా స్టెంటా?

మా ఆత్మకూరు, ఉదయగిరి వైపు ‘స్టంటు వేయించుకున్నాడు’ అనేది ఇప్పుడు కళ్లద్దాలు పెట్టుకున్నాడన్నంత మామూలు మాట. ఎంతయిందని అడుగుతారు గానీ, ఎలా వేశారని ఎవరూ అడగరు. ఆ ‘ఎలా’కి పెద్ద చరిత్రే ఉంది.

1977 సెప్టెంబరులో జూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ ఒక రోగి గుండె రక్తనాళంలోకి చిన్న బెలూన్ పంపి, పూడికను పక్కలకి నొక్కాడు. మొదట్లో ఆ బెలూన్లు ఆయన వంటింటి బల్ల మీదే తయారయ్యాయి. అయితే బెలూన్ తీసేశాక కొన్ని నాళాలు వెంటనే మూసుకుపోయేవి, మరికొన్ని నెలల్లోనే మళ్లీ ఇరుకయ్యేవి. వాటికి దన్నుగా 1986లో తులూజ్‌లో జాక్ ప్యూల్, లోజాన్‌లో ఉల్రిచ్ సిగ్వార్ట్ లోహపు జాలీ గొట్టాలు పెట్టారు. అవే స్టెంట్లు.

తర్వాత వచ్చిన పామాజ్-షాట్జ్ స్టెంట్ బాగా బిరుసు. చాలాచోట్ల డాక్టర్లే దాన్ని చేత్తో బెలూన్ మీద బిగించేవాళ్లు. ఇరుకులో అది జారిపోతే? అందుకని ముందు బెలూన్‌తో దారి చేసి, ఆపైన స్టెంట్ పంపేవాళ్లు. రక్తం గడ్డకట్టకుండా ఘాటైన మందులిస్తే రక్తస్రావాలయ్యేవి. అసలు లోపం స్టెంట్ పూర్తిగా విచ్చుకోకపోవడంలో ఉందని 1990ల మధ్యలో మిలాన్‌లో ఆంటోనియో కొలంబో చూపించాడు. అప్పట్నుంచి స్టెంట్ పెట్టాక లోపల ఎక్కువ ఒత్తిడితో మళ్లీ బెలూన్ ఉబ్బించడం మొదలైంది.

ఆ దశాబ్దంలోనే హైదరాబాద్‌లో డాక్టర్ బి. సోమరాజు, ఏపీజే అబ్దుల్ కలాం కలిసి కలాం-రాజు స్టెంట్ తెచ్చారు. దిగుమతి సరుకు కొనలేని రోగి కోసం రక్షణ పరిశోధన అనుభవం ఆసుపత్రి గడప తొక్కింది.

స్టెంట్లు సన్నబడి, ఫ్యాక్టరీలోనే బెలూన్ మీద బిగించి వచ్చేసరికి మొదటి బెలూన్ అవసరమా అన్న ప్రశ్న పుట్టింది. పరీక్షించి చూస్తే, అనువైన పూడికల్లో నేరుగా స్టెంట్ వేస్తే సమయం, రంగుమందు, ఖర్చు తగ్గాయి. మళ్లీ పూడటం మాత్రం తగ్గలేదు. సున్నం పట్టి గట్టిపడ్డ పూడికలో ఈ అడ్డదారి ప్రమాదం: సగమే విచ్చుకున్న స్టెంట్‌ను వెనక్కి తీయడం చాలా కష్టం. అక్కడ ముందు బెలూన్, ఒక్కోసారి వజ్రపు పొడి పొదిగిన తిరుగుడు మొన కూడా కావాలి.

2017 ఫిబ్రవరిలో కేంద్రం ధర కట్టింది: మామూలు స్టెంట్ 7,260 రూపాయలు, మందు పూతది 29,600. అయినా మావాళ్ల ప్రశ్న ఇంకా ధర దగ్గరే ఆగింది. గుండెపోటుతో నెల్లూరుకి పరిగెత్తేవాళ్లకి అడిగే తీరిక ఉండదు, నిజమే. ముందే తేదీ తీసుకుని వెళ్లేవాళ్లకి ఉంటుంది. వాళ్లకి నేను చెప్పేది ఇంతే: పూడిక మెత్తనా, గట్టిదా అని ముందు అడగండి. స్టెంట్ పూర్తిగా విచ్చుకుందా అని తర్వాత అడగండి.