తప్పెట మ్రోత - మట్టి గంప

అనంతపురపు మెట్టసీమలో చెరువుగట్టు బలహీనపడినప్పుడు పూర్వము ఊరిలో తప్పెట మ్రోగెడిది. రేపు తెల్లవారగనే ఇంటికొక మనిషి పారయు గంపయు తీసికొని గట్టుమీదికి రావలెనని చాటింపు. మరునాడు ఎవరు వచ్చిరో, ఎవరు రాలేదో ఊరంతయు ఎరిగెడిది.

నేడు ఆ తప్పెట సెల్‌ఫోనులోనికి చేరినది. అడవికో చెరువునకో అపాయము కలిగినచో, సామాజిక మాధ్యమముల ద్వారా ఆ వార్త క్షణములో లక్షలమందికి అందుచున్నది. ఈ క్రొత్త చాటింపువలన ప్రకృతికి నిజముగా మేలు కలుగుచున్నదా? మా సీమ చరిత్ర ఈ ప్రశ్నకు కొంత సమాధానము చెప్పగలదని మేము తలచెదము.

ముందుగా మేలును చూతము. 2019లో నల్లమలలోని అమ్రాబాదు పులుల అభయారణ్యమున 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియము అన్వేషణకు కేంద్ర అటవీ సలహాసంఘము సూత్రప్రాయముగా అంగీకరించినది. చెంచులును, పరిసర గ్రామములవారును ఎదిరించిరి. 'సేవ్ నల్లమల' అను పిలుపు సామాజిక మాధ్యమములలో వ్యాపింపగా, సినీ నటులు సైతము గొంతు కలిపిరి. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియము త్రవ్వకములకు వ్యతిరేకముగా ఏకగ్రీవ తీర్మానము చేసినది.

2025లో హైదరాబాదు విశ్వవిద్యాలయము చెంతనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరములలో చెట్లు కూల్చుచున్న దృశ్యములు ఫోనులద్వారా దేశమంతటను ప్రాకినవి. ఏప్రిల్ 3న ఆ పనిని ఆపవలసినదిగా సుప్రీంకోర్టు ఆదేశించినది. అయితే ఆ ప్రచారములో కృత్రిమ మేధతో కల్పించిన బొమ్మలును కలవని ప్రభుత్వము ఆరోపించినది, కేసులును నమోదైనవి. ఒక్క కల్లబొమ్మ వంద నిజమైన బొమ్మలకు చేటు తెచ్చును.

ఈ రెండింటను ఆపవలసినది ఒక ఉత్తరువో, ఒక యంత్రమో. అట్టిచోట పెద్ద కేక అధికారుల చెవిని చేరును. కాని అనంతపురపు కరవును ఆపుమని ఎవరిని కేకవేయుదుము? ఇచ్చట ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదియు అదనుకు కురియునన్న నమ్మకము లేదు. నీరు నిలువవలెనన్న గట్టు నిలువవలెను, కొండ పచ్చబడవలెను.

కంపెనీ పాలనలో చెరువుల మరామత్తు వాడుక సడలగా, 1858లో చెన్నపట్టణ రాజధానిలో గ్రామస్థులచేత నిర్బంధముగా ఆ పని చేయించుటకు చట్టము వచ్చినది. చట్టము వచ్చినంతమాత్రమున పాత కట్టుబాటు తిరిగి రాలేదు. 1876-78 నాటి మహాక్షామము ఈ సీమను కబళించినది.

నేడు శ్రీసత్యసాయి జిల్లాలోనున్న చెన్నేకొత్తపల్లి ప్రాంతమున 1990లో 'టింబక్టు కలెక్టివ్' ఆరంభమైనది. ఆ సంస్థయు గ్రామస్థులును కలసి బోడికొండలను నిప్పునుండి, గొడ్డలినుండి ఏండ్ల తరబడి కాచిరి. 'కల్పవల్లి' అను పేర వేలాది ఎకరముల బీడు మరల పచ్చబడినది. ఆ పని మొదలైననాడు సామాజిక మాధ్యమములు లేవు. కావలి ఉండినది, ఓర్పు ఉండినది.

కావున చాటింపును నిందింపరాదు; చాటింపే పని యనియు భ్రమపడరాదు. తప్పెట మ్రోగనిదే జనము గట్టుమీదికి రారు. అయితే నాడు తప్పెట విన్నవానికి తన గట్టు ఏదో, రావలసిన దినమేదో తెలిసెడిది, రాకున్నచో అడుగువారుండిరి. నేటి పిలుపునకు ఈ మూడును అమరినప్పుడే అది చెరువునకు అక్కరకు వచ్చును. రేడియోలో మాటలాడు మాకును ఇదే వర్తించును. మా మాటయు చాటింపే. గంప ఎత్తవలసినది మీరును, మేమును.