గర్భసంచి ఆపరేషన్లు: అంకె చెప్పింది, మనిషి చెప్పాల్సింది

మన సమాఖ్య రిపోర్టులో ఆరోగ్యం పేజీ అంటే ఇన్నాళ్లూ అంకెలే. ఎన్ని క్యాంపులు పెట్టాం, ఎంతమంది వచ్చారు, వైద్యానికి ఎంత అప్పు ఇచ్చాం. అవి కావాల్సిందే. కానీ అంకె ఒక్కటే చూస్తే ఏం జారిపోతుందో మన రాష్ట్రంలో గర్భసంచి ఆపరేషన్ల చరిత్ర చెబుతుంది.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంలో నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. ఎందుకింత తేడా? ఆస్పత్రి కాగితంలో "ఆపరేషన్ అయింది" అనే ఉంటుంది. తెల్లబట్ట, నడుంనొప్పి అని వెళితే క్యాన్సర్ వస్తుందని భయపెట్టిన సంగతి, "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు" అన్న మాట, నాట్ల రోజుల్లో నెలసరి బాధ పడలేక తానే సరేనన్న సంగతి ఆ మనిషే చెప్పాలి. అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే ఒంట్లో ఆవిర్లు, ఎముకల బలహీనత మొదలవుతాయి.

ఆడవాళ్ల అనుభవం కూడా సాక్ష్యమేనన్న మాట మనకి కొత్త కాదు. హైదరాబాదు మహిళలు 1991లోనే మన ఒంటి గురించి మన భాషలో 'సవాలక్ష సందేహాలు' పుస్తకం తెచ్చారు. బీహారు, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ పేద మహిళల తరఫున ఒక డాక్టరు వేసిన కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అనవసర ఆపరేషన్లను ఆపే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

మన గుడ్లవల్లేరులో మీటింగులో ఈ విషయం ఎత్తితే ముందు ఎవరూ నోరు విప్పలేదు. చివరికి ఒక అక్క చెప్పింది: "కుట్టుమిషన్‌కని తీసుకున్న అప్పు ఆపరేషన్‌కే పోయింది. ఏడాదిపాటు నాట్లకి వెళ్లలేకపోయాను." మన పుస్తకంలో మాత్రం ఆ అప్పు "సకాలంలో చెల్లించారు" అనే ఉంది. మేము తలలు దించుకున్నాం.

గడ్డలు ముదిరినా, క్యాన్సర్ ఉన్నా ఆపరేషన్ తప్పదు. అందుకే కథ ఒక్కటే చాలదు, అంకె ఒక్కటే చాలదు. ఇకమీద ప్రతి గ్రామ సంఘంలోనూ అంకె పక్కనే మూడు ప్రశ్నలు రాద్దాం: ముందు ఏ బాధ ఉంది? ఎవరు ఏం చెప్పారు? ఏడాది తర్వాత ఎలా ఉంది? మేలు జరిగినవాళ్లనే కాదు, జరగనివాళ్లనీ అడుగుదాం. ఇష్టం లేకుండా ఎవరి పేరూ రాయొద్దు.

ఎవరికైనా ఆపరేషన్ అంటే, ఇంకో డాక్టరుని కూడా అడగమని చెప్పండమ్మా. తోడుగా సంఘం నుంచి ఒకరు వెళ్లండి.