కూల్డ్రే, ఓస్వాల్డ్ జెన్నింగ్స్ (1882–1958)

ఆంగ్ల చిత్రకారుడు, కవి, అధ్యాపకుడు. 1909 నుంచి 1919 వరకు రాజమహేంద్రవరం ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు ప్రిన్సిపాల్. తెలుగువారికి దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావుల గురువుగా పరిచితుడు. ఇంటిపేరు తెలుగు వ్యాసాల్లో కూల్డ్రే, కౌల్డ్రే అని రెండు విధాలుగా కనిపిస్తుంది. మొదటిదే ఎక్కువ వాడుకలో ఉంది.

విక్టోరియా రాణి ఏలుబడిలో పుట్టాడు. థేమ్స్ ఒడ్డునున్న అబింగ్డన్ పాఠశాలలో, ఆక్స్‌ఫర్డ్‌లోని పెంబ్రోక్ కళాశాలలో చదివి, భారత విద్యాశాఖ కొలువులో ఈ దేశానికి వచ్చాడు.

అంతకు నూరేళ్ల ముందు ఇక్కడికి వచ్చిన ఆంగ్ల చిత్రకారులు చాలామంది సేనల వెంటో, సంస్థానాధీశుల ప్రాపకంలోనో బతికారు. వారిలో ఒకడు రాబర్ట్ హోమ్. మూడో మైసూరు యుద్ధంలో కార్న్‌వాలిస్ సేనతో వచ్చి, 1791 బెంగళూరు ముట్టడిలో కర్నల్ మూర్‌హౌస్ మరణాన్ని తైలవర్ణాల్లో చిత్రించాడు. మైసూరు దృశ్యాల సంపుటిని 1794లో అచ్చువేయించాడు. తర్వాత లక్నో నవాబు ఆస్థాన చిత్రకారుడయ్యాడు. కూల్డ్రే దారి వేరు. ఆయనకు జీతం పాఠాలు చెప్పినందుకు. నీటిరంగుల చిత్రాలు ఇష్టంతో వేసుకున్నవి.

రాజమండ్రిలో ఆయన చేసిన పెద్ద పని శిష్యులను గుర్తుపట్టడం. 1897లో పుట్టిన రామారావుకు బడి చదువు మీద కంటే బొమ్మల మీద ధ్యాస ఎక్కువ. అది లోపం కాదని, అదే ఆ కుర్రవాడి బలమని కూల్డ్రే గ్రహించాడు. శిష్యులను అజంతాకు తీసుకువెళ్లి అక్కడి కుడ్యచిత్రాలు చూపించాడంటారు. ఆయన ప్రోత్సాహంతోనే రామారావు 1916లో బొంబాయి జె.జె. కళాశాలలో చేరాడు.

కూల్డ్రే శిష్యులకు చిత్రలేఖనం స్వయంగా నేర్పాడా, దారి మాత్రమే చూపాడా అన్న విషయంలో రచయితలు ఏకీభవించరు. కొందరు ఆయనను ఆంధ్ర చిత్రకళా రీతికే ఆద్యుడంటారు. అయితే దారి మాత్రమే చూపాడన్న అభిప్రాయానికే ఆధారాలు ఎక్కువ. రామారావు సాంకేతిక శిక్షణ బొంబాయిలో జరిగింది. బాపిరాజు బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ దగ్గర బెంగాలీ పద్ధతి నేర్చుకున్నాడు. ఒకే గురువు శిష్యులిద్దరి గీతలో అంత తేడా ఉందంటే, ఆయన ఇచ్చింది ఒక శైలి కాదు, ఈ దేశపు కళను గౌరవంగా చూసే చూపు. కవికొండల వెంకటరావు కవిత్వం వైపు, బాపిరాజు చిత్రకళతో పాటు ‘నారాయణరావు’ వంటి నవలల వైపు వెళ్లడం కూడా ఈ మాటనే బలపరుస్తుంది.

వినికిడి తగ్గడంతో కూల్డ్రే 1919లో ఉద్యోగం మాని ఇంగ్లండు చేరాడు. గోదావరి మాత్రం ఆయనను వదల్లేదు. 1920లో వచ్చిన పుస్తకానికి తన రెండు నదుల పేర్లూ కలిపి ‘థేమ్స్ అండ్ గోదావరి’ అని పేరు పెట్టాడు. దక్షిణ భారత అనుభవాలతో రాసిన ‘సౌత్ ఇండియన్ అవర్స్’ 1924లో వెలువడింది. తెలుగు చిత్రకళా చరిత్ర రాసేవారు రామారావు జీవితంతో పాటు ఈ పుస్తకాన్నీ చదవడం అవసరం.

రామారావు 1923లో రాజమండ్రిలో చిత్రకళాశాల స్థాపించాడు. మశూచి సోకి 1925 ఫిబ్రవరి 6న, ఇరవై ఎనిమిదేళ్లు నిండకముందే కన్నుమూశాడు. గురువు ఆ తర్వాత మరో 33 ఏళ్లు జీవించి 1958లో మరణించాడు. శిష్యుడి చిత్రాలు రాజమండ్రిలో రామారావు పేరిటే ఉన్న ఆర్ట్ గ్యాలరీలో నేటికీ చూడవచ్చు.