మన్యములో బేరము: సంతకుంచము నుండి మోటారు సైకిలు దాకా

కొనేవాడు సరుకును పరీక్షిస్తాడన్న సంగతి మనమందరము ఎరిగినదే. అమ్మేవాడు కొనేవానిని పరీక్షిస్తాడన్న సంగతిని మాత్రము అంతగా తలచుకోము. నిజమునకు ఈ రెండవ పరీక్షయే ముందు ముగుస్తుంది. గిరాకీ గడప దాటే లోపలనే అంగడివాని కన్ను అతని కాలిజోడును, భుజము మీది గుడ్డను, వెంట వచ్చిన మనిషిని చూచి ఒక నిశ్చయమునకు వస్తుంది. ఇతడు కొంటాడా, ఊరక చూచి పోతాడా? రొక్కమిస్తాడా, అప్పు అడుగుతాడా? లెక్క తెలిసినవాడా, చెప్పినది నమ్మేవాడా? కుర్చీ చూపవలెనా, నిలువబెట్టి మాట్లాడవలెనా అన్నది ఈ తీర్పును బట్టియే తేలుతుంది.

ఈ తీర్పునకు ఒక చరిత్ర ఉన్నది. దానిని స్పష్టముగా చూపగల తావులలో విశాఖ మన్యము ఒకటి. పాడేరు నుండి అరకు పోయే దారిలో హుకుంపేట ఉన్నది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో అది ఒక మండల కేంద్రము. భగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోటియాలు మొదలయినవారు నివసించే ప్రాంతమిది. ఇక్కడ మోటారు సైకిలు విలాస వస్తువు కాదు. కాఫీ బస్తా రోడ్డు మీదికి చేరవలెనన్నా, జ్వరము వచ్చిన బిడ్డ ఆసుపత్రికి పోవలెనన్నా, నాలుగు చక్రముల బండి ఎక్కలేని దారిలో ఎక్కగలిగినది అదే. 2018లో ప్రభుత్వము గిరిజన ప్రాంతములలో ద్విచక్ర వాహనములనే అంబులెన్సులుగా ప్రవేశపెట్టినదంటే, ఆ అవసరము ఎంతటిదో ఊహించవచ్చును. అట్టి బండిని కొనుటకు పోయిన కొండ మనిషిని అమ్మకందారు ఏ కంట చూస్తాడు? ఆ చూపు ఎక్కడ పుట్టినది? ఇది తెలియవలెనంటే ముందు వారపు సంతకు పోవలెను.

పూర్వము మన్యములో దుకాణములు లేవు. వారమునకొకసారి సంత కూడేది. కొండవారు చింతపండు, పసుపు, పిప్పళ్ళు, కరక్కాయలు, అడ్డాకులు, తేనె, చీపుళ్ళు కావళ్ళలో మోసుకొని దిగేవారు. మైదానపు వర్తకులు ఉప్పు, ఎండుచేపలు, పొగాకు, కిరసనాయిలు, గుడ్డలు తెచ్చేవారు. వీటిలో ఉప్పు కొండ మీద దొరికేది కాదు. అది లేక గడిచేదీ కాదు. కావున బేరము మొదలు కాకముందే ఒక పక్క త్రాసు వంగి ఉండేది. అమ్ముడుపోని సరుకును వర్తకుడు మరుసటి వారము మరొక సంతకు తీసుకొని పోగలడు. మోసుకొని వచ్చిన చింతపండును మరల కొండ మీదికి ఎక్కించుకొని పోవుట కొండ మనిషికి సాధ్యమా?

అప్పటి కొలతలు సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచము. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచము. లెక్క ఇంత చక్కగా ఉన్నప్పటికిన్నీ కుంచము అన్ని ఊళ్ళలో ఒకటి కాదు. కొనుటకు పెద్ద కుంచము, అమ్ముటకు చిన్న కుంచము ఉంచుకొన్న వర్తకునిపై ఫిర్యాదు తెలుగునాట ఎక్కడనైనా వినబడేదే. అయితే మైదానములో ఆ కుంచమును తిరగగొలిపించే పెద్దమనిషి ఒకడు ఊళ్ళో ఉండేవాడు. కొండ మీద అట్టివాడు అరుదు. వర్తకుడు చూపిన కొలతయే కొలత, వ్రాసిన పద్దే పద్దు.

పద్దు అన్న తరువాత అప్పు అన్నట్లే. పంట రాకముందు గింజలు, పెండ్లికి గుడ్డలు షావుకారు ఇచ్చేవాడు. పంట కాగానే తాను చెప్పిన ధరకు తీసుకొనేవాడు. అప్పు ఉన్నవాడు మరొక అంగడికి పోరాదు. ఈ విధముగా గిరాకీ ఆసామీగా, ఆసామీ ఋణగ్రస్తుడుగా, ఋణగ్రస్తుడు తుదకు పాలేరుగా మారిన సందర్భములు పెక్కు. అప్పుకు బదులు ఒళ్ళు తాకట్టు పెట్టి పని చేసే ఈ పద్ధతికి విశాఖ ఏజన్సీలో గొత్తి అని పేరు.

ఇక్కడ వర్తకుని పక్షమున చెప్పవలసిన మాట కూడా ఒకటి ఉన్నది. మన్యపు చలిజ్వరమునకు జడిసి ప్రభుత్వోద్యోగులే అక్కడికి పోవుటకు వెనుదీసిన దినములవి. దారులు లేవు. ఎద్దుల మీద సరుకు ఎక్కించుకొని ఘాటు దాటి వచ్చినవాడు ప్రాణమునకు తెగించి వచ్చినవాడే. ఆ కష్టమునకు ప్రతిఫలము కోరుట తప్పు కాదు. అయితే కష్టమునకు కట్టిన వెల ఎంత, కొనేవాని నిస్సహాయతకు కట్టిన వెల ఎంత అని విడదీసి చూచినప్పుడే చిక్కు వస్తుంది.

ఆ చిక్కు ఎంత దూరము పోగలదో 1879లో తెలిసినది. ఇదే కొండల వరుసలో గోదావరి వైపునున్న రంప దేశములో ఆ సంవత్సరము తిరుగుబాటు చెలరేగినది. కల్లు మీది పన్ను దానికి ఒక కారణము. మైదానపు వర్తకుల వ్యవహారము మరొకటి. వర్తకులు కొండవారికి స్వల్పముగా అప్పులిచ్చి, దూరపు కోర్టులలో దావాలు వేసి, ప్రతివాదులు లేకుండగనే డిక్రీలు పొంది, పశువులను ధాన్యమును తోలుకొని పోయేవారు. విచారణ జరిపిన రెవెన్యూ బోర్డు సభ్యుడు సల్లివన్ దృష్టికి వచ్చిన సంగతులలో, 5 రూపాయల బాకీకి 100 రూపాయల సొత్తు పట్టుకొని పోవుట ఒకటి. సంతలో చిన్నచూపుగా మొదలయినది కోర్టులో జప్తుగా ముగిసినదన్న మాట.

తరువాత చట్టములు వచ్చినవి. 1917 నాటి ఏజన్సీ వడ్డీ, భూబదలాయింపు చట్టము కొండజాతుల వారి వద్ద సంవత్సరమునకు నూటికి 24కు మించి వడ్డీ పుచ్చుకొనరాదని, వడ్డీ మొత్తము అసలును దాటరాదని శాసించినది. 1940లో మద్రాసు ప్రభుత్వము ఏజన్సీలో ఋణదాస్యమును రద్దు చేస్తూ రెగ్యులేషను తెచ్చినది. 1960లో షెడ్యూల్డు ప్రాంతముల వడ్డీ వ్యాపారులకు లైసెన్సు విధిస్తూ మరొక రెగ్యులేషను వచ్చినది. ఇవి అవసరమయినవే. అయితే చట్టము వడ్డీని కొలవగలదు కాని చూపును కొలవలేదు.

చూపును మార్చినవి వేరే రెండు. మొదటిది 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ. కొండవారి సరుకు ప్రకటించిన ధరకు కొని, ఉప్పు, పప్పు, గుడ్డ డిపోలలో అమ్మినది. దాని పనిలో లోపములు లేకపోలేదు. అయినను దాని మూలమున కొండ మనిషికి ఒక క్రొత్త శక్తి వచ్చినది: "నీ ధర నాకు నచ్చలేదు, అవతలికి పోతాను" అనగలిగే శక్తి. రెండవది మెట్రిక్ తూనికలు. 1956 నాటి చట్టము ప్రకారము 1958 నుండి అవి దశలవారీగా అమలులోనికి వచ్చినవి. విశాఖలో కిలో ఎంతో, హుకుంపేటలోను కిలో అంతే. కుంచము వర్తకుని సొత్తు. కిలో అందరి సొత్తు.

ఇట్టి కథ ఇతర దేశములలోను జరిగినది. ఐరోపాలో కూడ ఒకప్పుడు గిరాకీ ముఖము చూచి ధర చెప్పేవారు. పందొమ్మిదవ శతాబ్ది నడుమ పారిస్ నగరములో బోన్ మార్షే అంగడిని పెంపొందించిన బూసికో, ప్రతి వస్తువు మీద ధర వ్రాసి పెట్టుటను ఆనవాయితీ చేసినాడు. ధర చీటీ మనకు మామూలు సంగతిగా కనబడుతుంది. అయితే దాని పని సామాన్యమైనది కాదు. ధనికుడు వచ్చినా కూలివాడు వచ్చినా సరుకు వెల ఒకటే అని అది చెబుతుంది. అమ్మేవాని కంటికున్న అధికారమును కొంత తగ్గిస్తుంది.

ఇక మోటారు వాహనములకు వద్దాము. స్వాతంత్ర్యము తరువాత మన దేశములో మద్రాసు ఎన్‌ఫీల్డు, మైసూరు జావా, ఉత్తరాదిన రాజ్‌దూత్, పూనా బజాజ్ స్కూటరు తయారయినవి. ఎన్ని తయారు చేయవలెనో నిర్ణయించేది ప్రభుత్వపు లైసెన్సు. కావున కొనగోరేవారు ఎక్కువ, బండ్లు తక్కువ. 1960లో స్కూటర్ల పంపకమునకే ఒక నియంత్రణ ఉత్తర్వు వచ్చినది. పేరు నమోదు చేసుకొని సంవత్సరముల తరబడి వేచియుండుట మధ్యతరగతి కుటుంబములకు అలవాటయినది. ఆ కాలములో డీలరు ముందు చేతులు కట్టుకొని నిలిచినవాడు కొండవాడు కాదు. పట్టా పుచ్చుకొన్న పట్నవాసి, ఆఫీసులో పది మందిచేత దండములు పెట్టించుకొనే ఉద్యోగి. రంగు ఏదని అడుగుటకు కూడ అతనికి నోరు వచ్చేది కాదు.

ఈ సంగతి మనము విశేషముగా గమనింపదగినది. సంతలో ఉప్పు కోసము నిలిచిన కొండ మనిషికి, స్కూటరు కోసము నిలిచిన పట్నపు ఉద్యోగికి చదువులో, ఆదాయములో పోలిక లేదు. అయినను ఇద్దరికీ దొరికిన మర్యాద ఒక తీరుదే. ఎందుకంటే ఇద్దరికీ అవతలికి పోవుటకు మరొక అంగడి లేదు. కాబట్టి అమ్మేవాని మర్యాద కొనేవాని గుణమును బట్టి ఉండేది కాదు. కొనేవానికున్న దారులను బట్టి ఉండేది.

ఆ దారులు 1980ల తరువాత తెరుచుకొన్నవి. 1980లో టి.వి.ఎస్. 50 మోపెడు వచ్చినది. 1984 మొదలు 1986 లోపల జపాను సంస్థల సహకారముతో 100 సీసీ మోటారు సైకిళ్ళు ఒకదాని వెంట ఒకటి విపణిలోనికి దిగినవి. గిరాకీ కోసము కంపెనీలు ఎదురుచూచే రోజు వచ్చినది. పట్నములలో అమ్మకము మందగించినప్పుడు పల్లెవైపు తిరిగినవి. అరకు కాఫీకి ప్రపంచమున పేరు వచ్చి, 2019లో భౌగోళిక గుర్తింపు కూడ లభించిన తరువాత, గింజ అమ్మిన చేతిలో రొక్కము ఆడునని అమ్మకందార్లకు తెలిసినది. "ఏమి కావాలోయ్" అన్న నోరే "రండి బాబూ, కూర్చోండి" అనుట నేర్చినది.

అయితే పాత చూపు పూర్తిగా పోయినదా? ఈ ప్రశ్నకు అమెరికాలో జరిగిన ఒక పరిశీలన ఉపకరిస్తుంది. అయన్ ఎయర్స్ అనే న్యాయశాస్త్ర పండితుడు షికాగో ప్రాంతములో కార్ల దుకాణములకు మనుష్యులను పంపి, అందరిచేత ఒకే మాటలు, ఒకే తీరు బేరము ఆడించి, 1991లో ఫలితములు ప్రకటించినాడు. తెల్లజాతి పురుషుని వద్ద కోరిన లాభము కంటె తెల్లజాతి స్త్రీల వద్ద నూటికి 40 వంతులు అధికముగా, నల్లజాతి పురుషుల వద్ద రెట్టింపునకు పైగా, నల్లజాతి స్త్రీల వద్ద మూడు రెట్లకు పైగా కోరినారు. అంగళ్ళు పెక్కు ఉన్న పట్టణములో కూడ ఇట్లు జరిగినది. అంగళ్ళు ఉండుట మాత్రమే చాలదు. ఏ అంగడిలో ఏమి ధరయో కొనేవానికి తెలియవలెను. తెలియదని తలచిన చోట అమ్మేవాడు ముఖము చూచి ధర చెబుతాడు.

మన్యపు మనిషి ముఖములో అట్టి చూపునకు దొరికేది అతని మౌనము. ఇంట ఆదివాసీ ఒడియాయో, కువియో మాట్లాడి అంగడిలో తెలుగు మాట్లాడేవాడు మాట ఆచితూచి పలుకుతాడు. పెద్దల ఎదుట ప్రశ్నించుట మర్యాద కాదని పెరిగినవాడు ఊరకుంటాడు. అమ్మకందారు దానిని అజ్ఞానమని లెక్కకట్టి, వెంట వచ్చిన పట్నపు స్నేహితునితో మాట్లాడుట మొదలుపెడతాడు. డబ్బు ఒకరిది, సంభాషణ మరొకరితో.

ఇంకొకటి. బండి ధర బోర్డు మీద వ్రాసి ఉండవచ్చును. వాయిదాల లెక్క బోర్డు మీద ఉండదు. 80,000 రూపాయలు అప్పు, నూటికి 12 వడ్డీ, మూడు సంవత్సరములు అన్నారనుకొనండి. మొదటి అసలు మీదనే కడదాకా వడ్డీ కట్టే పద్ధతి అయితే వడ్డీ 28,800; నెలకు 3,022 రూపాయలు. నెలనెలా అసలు తీరుతూనే ఉన్నది గనుక నిజమైన వడ్డీ నూటికి 12 కాదు, 21కి పైచిలుకు. 1917 నాటి చట్టము గీసిన గీతకు అది ఎంతో దూరములో లేదు. ఇదే నేటి చిన్న కుంచము.

దీనికి విరుగుడు కూడ ఉన్నది. 2024 అక్టోబరు 1 నుండి బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు ఇట్టి అప్పు ఇచ్చేటప్పుడు అన్ని ఖర్చులతో కూడిన వార్షిక వడ్డీ రేటును చూపే వివరపత్రమును, అప్పు తీసుకొనేవానికి అర్థమయ్యే భాషలో ఇవ్వవలెనని రిజర్వు బ్యాంకు నిబంధన. బీమాను డీలరు చూపిన కంపెనీ వద్దనే తీసుకొనవలెనన్న నిర్బంధము లేదు. బండితో పాటు శిరస్త్రాణము ఇవ్వవలెనని మోటారు వాహనముల నియమావళి చెబుతున్నది. అన్యాయము జరిగితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ఉన్నది.

మన ఇండ్లలో ఎవరైనా బండి కొనుటకు పోయేటప్పుడు, ముఖ్యముగా కొండ నుండి దిగివచ్చిన మిత్రునికి తోడుగా పోయేటప్పుడు, ఒక చిన్న పని చేయవచ్చును. అమ్మకందారు మనవైపు తిరిగి మాట్లాడినప్పుడు, "కొనేవారు వీరండీ, వీరితో చెప్పండి" అనవలెను. లెక్క కాగితము మీద వ్రాయించి, కొనేవాని చేతికి ఇప్పించవలెను. నూరేండ్ల చట్టములు కుంచమును కిలోగా మార్చినవి. కుర్చీ ఎవరికి వేయవలెనో చెప్పే చట్టము మాత్రము లేదు. అది అంగడిలోనున్న మనుష్యులందరు కలిసి నేర్వవలసినది.